టూ టోన్ నాటి బ్రిటిష్ స్కా: అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

స్కా పునరుజ్జీవనం అని దేన్ని అంటారు?

స్కా 1950ల చివర్లో జమైకాలో రూపుదిద్దుకుంది. 1962లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి రాజధాని కింగ్‌స్టన్ వీధుల్లో సౌండ్ సిస్టమ్‌ల (వీధి నృత్యాలకు పెట్టే పెద్ద స్పీకర్ల) మీద మోగుతున్నది ఈ సంగీతమే. 1966 ప్రాంతంలో దాని నడక నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, ఆ తరువాత రెండేళ్లకే రెగేగా మారింది. బ్రిటన్‌కు వలస వచ్చిన కరీబియన్ కుటుంబాలు ఈ రికార్డులను వెంట తెచ్చుకున్నాయి, వాటిని అక్కడి తెల్లజాతి కార్మికుల పిల్లలూ విని పెరిగారు. 1964లో మిల్లీ స్మాల్ పాడిన ‘మై బాయ్ లాలీపాప్’ బ్రిటిష్ రికార్డు అమ్మకాల చార్టులో రెండో స్థానానికి, 1969లో డెస్మండ్ డెక్కర్ పాడిన ‘ఇజ్రాయెలైట్స్’ మొదటి స్థానానికి చేరాయంటే ఆ సంగీతం అక్కడ ఎంతగా పాతుకుపోయిందో ఊహించవచ్చు.

పునరుజ్జీవనం అని అభిమానులు పిలిచేది 1979లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరంలో, స్పెషల్స్ బృందం కీబోర్డు వాద్యకారుడు జెర్రీ డామర్స్ ‘టూ టోన్ రికార్డ్స్’ అనే రికార్డుల సంస్థను (లేబుల్‌ను) ప్రారంభించడంతో మొదలైన ఘట్టాన్ని. ఇవాళ మన విద్యార్థులు చదువుకోవడానికి వెళ్తున్న ఈ కోవెంట్రీ ఒకప్పుడు మోటారు కార్ల ఫ్యాక్టరీలతో కళకళలాడిన ఊరు. 1970ల చివరికి ఆ పరిశ్రమ కుదేలవుతూ ఉద్యోగాలు పోతున్నాయి, మరోపక్క నేషనల్ ఫ్రంట్ వంటి జాతివిద్వేష సంస్థలు వీధుల్లోకి వస్తున్నాయి. అటువంటి సమయంలో నల్లజాతి, తెల్లజాతి యువకులు ఒకే వేదిక ఎక్కి, పాత స్కా లయకు పంక్ అనే మొరటు, వేగవంతమైన రాక్ సంగీతపు దూకుడును జోడించారు. నలుపు తెలుపు గళ్ల బొమ్మలు, ‘వాల్ట్ జాబ్‌స్కో’ అనే టోపీ మనిషి చిహ్నం (పీటర్ టోష్ పాత ఫొటో ఒకటి దానికి ఆధారం) ఈ ఆలోచనకే గుర్తులు. 1981 వేసవికల్లా ఆ ఘట్టంలోని ముఖ్యమైన భాగం ముగిసిపోయింది. ఇంత వాదులాటకూ మూలం పట్టుమని రెండున్నరేళ్ల కాలం.

వినగానే ఇది స్కా అని ఎలా గుర్తుపట్టాలి?

చేత్తో తాళం వేస్తూ ఒక్కో దెబ్బకు ‘తకధిమి’ అనుకోండి. దెబ్బ ‘త’ మీద పడుతుంది, స్కా గిటార్ మాత్రం ‘ధి’ మీద మోగుతుంది, అదీ మోగిన మరుక్షణమే వేళ్లతో నాదాన్ని ఆపేసినట్టు పొట్టిగా. కాలు తాళం మీద, గిటార్ దాని సందులో ఉండటం వల్ల వినేవారి మోకాళ్లు వాటంతటవే లేస్తాయి. దీని కింద బేస్ గిటార్ మెట్లు ఎక్కి దిగుతున్నట్టు ఆగకుండా నడుస్తుంది, పైన సాక్సోఫోన్, ట్రోంబోన్, ట్రంపెట్ వంటి వాద్యాలు పల్లవిని అందుకుంటాయి. జమైకా స్కాలో జాజ్ వాద్యకారుల మెత్తదనం వినిపిస్తుంది. కోవెంట్రీ స్కాలో డ్రమ్స్ గట్టిగా మోగుతాయి, వేగం ఎక్కువ, గిటార్‌లో కొంచెం తుప్పు వాసన ఉంటుంది. ఈ తేడా పట్టుబడితే సగం వాదనలు వాటంతటవే అర్థమవుతాయి.

అన్నిటికన్నా గొప్ప బృందం ఏది?

ఈ ప్రశ్నకు వచ్చే జవాబు అడిగినవారి కొలతను బట్టి మారుతుంది. హిట్ల సంఖ్య చూస్తే మ్యాడ్‌నెస్‌కు సాటి లేదు. ఉద్యమానికి ఊపిరి పోసినవారెవరంటే స్పెషల్స్. ఒక్క ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి వరకు వినమంటే బీట్ వారి తొలి ఆల్బమ్‌తో పోటీపడగలిగినవి తక్కువ. వేదిక మీద నిప్పు రాజేసింది ఎవరంటే సెలెక్టర్ పేరు చెప్పేవారు చాలామంది.

ఈ పేజీ పాటించే కొలత వేరు. పాత జమైకా పాటను ఎంత అచ్చంగా వాయించారన్నది మాకు ముఖ్యం కాదు, ఆ లయలోకి తమ ఊరి కష్టాన్ని, తమ తరం కోపాన్ని, తమ మాట తీరును ఎంతగా తెచ్చారన్నదే ముఖ్యం. ఆ కొలతతో చూస్తే మొదటి స్థానం స్పెషల్స్‌ది, వెనకే బీట్, మూడో స్థానానికి సెలెక్టర్, మ్యాడ్‌నెస్ మధ్య నిజమైన పోటీ. కొలతను ఒప్పుకోనివారు ఈ వరుసను కూడా ఒప్పుకోనక్కరలేదు, కానీ తమ కొలత ఏమిటో చెప్పి మరీ వాదించాలి.

పాత పాటలనే మళ్లీ పాడినవారికి ఇంత గొప్పదనం ఎందుకు?

స్కా పునరుజ్జీవనం మీద వచ్చే విమర్శల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే. నిజంగానే ప్రిన్స్ బస్టర్ అనే ఒక్క జమైకా గాయకుడు లేకపోతే ఈ కథ సగం ఉండేది కాదు. ఆయన 1960లలో విడుదల చేసిన ఒక రికార్డుకు ఒక వైపు ‘అల్ కపోన్’, రెండో వైపు ‘వన్ స్టెప్ బియాండ్’ ఉన్నాయి. మొదటి వైపును స్పెషల్స్ తమ తొలి సింగిల్ (ఆల్బమ్‌గా కాక విడిగా అమ్మే పాట రికార్డు) ‘గ్యాంగ్‌స్టర్స్’గా మలిచారు, రెండో వైపును మ్యాడ్‌నెస్ తమ తొలి ఆల్బమ్‌కు శీర్షికగా పెట్టుకున్నారు. మ్యాడ్‌నెస్ అనే పేరే ఆయన పాట పేరు, వారి తొలి సింగిల్ ‘ద ప్రిన్స్’ ఆయనకు పట్టిన నీరాజనం.

అయితే ఆ రికార్డు రెండు వైపుల మీదా రెండు బృందాలు చేసిన పని ఒకటి కాదు. మ్యాడ్‌నెస్ ‘వన్ స్టెప్ బియాండ్’ను ఉత్సాహంగా, అరుపులతో, సాక్సోఫోన్ హోరుతో మళ్లీ వాయించారు, అంతే. స్పెషల్స్ ‘అల్ కపోన్’ నుంచి కారు టైర్ల కీచు శబ్దాన్నీ ఉరకలెత్తే లయనూ తీసుకుని, దాని మీద తమ సొంత గొడవ రాసుకున్నారు. పారిస్‌లో వేరే బృందం ఎవరో హోటల్లో చేసిన నష్టానికి వీరి గిటార్లను పట్టి ఉంచిన సంఘటన, అప్పటి మేనేజరు మీద చిరాకు, సంగీత వ్యాపారంలోని దౌర్జన్యం, ఇవన్నీ అందులోకి వచ్చి చేరాయి. షికాగో గ్యాంగ్‌స్టర్ కపోన్ స్థానంలో లండన్ సంగీత వ్యాపారులు వచ్చారు.

‘టూ మచ్ టూ యంగ్’ది కూడా ఇదే తీరు. లాయిడ్ చార్మర్స్ పాట ‘బర్త్ కంట్రోల్’ను ఆధారం చేసుకుని, చిన్న వయసులోనే పెళ్లి, పిల్లల భారంలో పడిన అమ్మాయిని ఉద్దేశించి డామర్స్ రాసిన పాట ఇది. ఆల్బమ్‌లో దాదాపు ఆరు నిమిషాలు తీరిగ్గా సాగే ఈ పాటను వేదిక మీద రెండు నిమిషాలకు కుదించి మహా వేగంగా వాయించారు. ఆ రూపమే 1980 ఆరంభంలో చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. రెండూ ఒకదాని వెంట ఒకటి వింటే పంక్ ఈ సంగీతానికి ఏమిచ్చిందో ఎవరూ వివరించనక్కరలేదు. పాటలోని ఉపదేశ ధోరణి మాత్రం ఇవాళ కొంత ముల్లులా గుచ్చుకుంటుంది, ఆ అమ్మాయి పక్షాన ఒక్క మాటా లేదు.

‘ఎ మెసేజ్ టు యూ రూడీ’ సంగతి మరోలా ఉంటుంది. 1967లో డ్యాండీ లివింగ్‌స్టన్ పాడిన ఈ పాటను స్పెషల్స్ పెద్దగా మార్చలేదు. కానీ తొలి రూపంలో ట్రోంబోన్ ఊదిన రికో రోడ్రిగెజ్‌నే పన్నెండేళ్ల తరువాత పిలిపించి మళ్లీ ఊదించారు. 1961లోనే ఇంగ్లండ్ చేరిన ఆ జమైకా విద్వాంసుడిని మూలపురుషుడిగా గౌరవించడం కోసం కాక, బృందంలో పనిచేసే మనిషిగా పక్కన నిలబెట్టుకోవడం ఆ పాటకు బలం. ఆ ట్రోంబోన్ మొదటి నాలుగు స్వరాలు మోగగానే హాలంతా గుర్తుపడుతుంది.

తొలి సింగిల్ రెండో వైపున ఉన్నది స్పెషల్స్ పాట కాదంటారు, నిజమేనా?

నిజమే. ‘గ్యాంగ్‌స్టర్స్’ రికార్డు చేశాక రెండో వైపుకు మరో పాట చేయడానికి వారి దగ్గర డబ్బు మిగలలేదు. నియోల్ డేవీస్ అనే కోవెంట్రీ గిటారిస్టు, తరువాత స్పెషల్స్ డ్రమ్మర్ అయిన జాన్ బ్రాడ్‌బరీతో కలిసి అంతకుముందే చేసి పెట్టుకున్న వాద్య సంగీతం ఒకటి ఉంటే, దాన్నే ‘ద సెలెక్టర్’ అనే పేరుతో వేశారు. అప్పటికి ఆ పేరుతో బృందమే లేదు. సింగిల్ ఆరో స్థానానికి చేరాక, రికార్డు మీద పేరుంది కాబట్టి డేవీస్ హడావుడిగా మనుషులను పోగుచేసి బృందాన్ని నిర్మించాడు. మొదట్లో ఆ రికార్డు కవర్ల మీద బృంద సభ్యులే చేత్తో రబ్బరు స్టాంపు ముద్రలు వేశారు.

సెలెక్టర్‌కు రావలసిన పేరు రాలేదన్న వాదనలో పస ఉందా?

ఉంది, చాలా ఉంది. ఏడుగురిలో ఆరుగురు నల్లజాతీయులు ఉన్న బృందం ఇది, ముందు నిలబడి నడిపించింది పాలీన్ బ్లాక్ అనే మహిళ. ఆమె అప్పటివరకు కోవెంట్రీ ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్‌గా పనిచేసింది. మగవారి సూటు, బూడిదరంగు టోపీతో వేదిక మీదికి వచ్చిన ఆమె గొంతులో వేడుకోలు ఉండదు, నిలదీత ఉంటుంది. ‘ఆన్ మై రేడియో’ 1979లో ఎనిమిదో స్థానానికి చేరింది. రేడియోలో రోజూ ఒకే రకం పాటలు వేస్తారన్న ఫిర్యాదును పాటగా కట్టి, అదే రేడియోలో రోజూ మోగేలా చేసుకోవడం మాటలు కాదు. పాలీన్ గొంతు ఒక్కసారిగా పైస్థాయికి లేచి విరిగే చోటు విన్నవారు ఆ పాటను మరచిపోరు.

1980లో వచ్చిన ‘టూ మచ్ ప్రెజర్’ ఆల్బమ్ ఐదో స్థానానికి వెళ్లింది. ఆ తరువాత బృందంలో చీలికలు వచ్చాయి, టూ టోన్‌ను వదిలి వెళ్లారు, రెండో ఆల్బమ్ నిలబడలేదు. వారి కథ త్వరగా ముగియడమే ఈ చిన్నచూపుకు ఒక కారణం. ఈ తరహా సంగీత చరిత్రను రాసినవారిలో ఎక్కువమంది మగవారు కావడం మరో కారణం అని అనుమానించడంలో తప్పు లేదు.

పూర్తిగా మహిళలతో ఏర్పడిన బృందం ఏదైనా ఉందా?

బాడీస్నాచర్స్. రోడా డాకర్ ప్రధాన గాయనిగా ఏడుగురు మహిళలు కలిసి కట్టిన బృందం ఇది. ‘లెట్స్ డూ రాక్‌స్టెడీ’ 1980లో 22వ స్థానానికి చేరింది. రెండు సింగిల్స్ తరువాత బృందం విడిపోయింది, కొందరు వెళ్లి బెల్ స్టార్స్‌ను ఏర్పరచుకున్నారు. వేదిక మీద వీరు పాడుతూ వచ్చిన ‘ద బాయిలర్’ను 1982లో రోడా, డామర్స్ బృందంతో కలిసి విడుదల చేసింది. ఒక స్త్రీ తన మీద జరిగిన అత్యాచారాన్ని మామూలు కబుర్ల గొంతుతో మొదలుపెట్టి చెప్పుకుపోయే ఆ పాట చివర్లో వచ్చే కేక భరించడం కష్టం. అటువంటి పాట 35వ స్థానం దాకా వెళ్లడమే ఆశ్చర్యం. ఉత్తమ పాటల జాబితాల్లో అది కనిపించకపోవడానికి కారణం దాని నాణ్యత కాదు, దాన్ని రెండోసారి వినడానికి మనసు రాకపోవడం.

మ్యాడ్‌నెస్ అసలు స్కా బృందమేనా?

మొదటి ఏడాది వరకు నిస్సందేహంగా స్కా బృందమే. 1979 నవంబరు 8న బీబీసీ ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ కార్యక్రమంలో స్పెషల్స్, సెలెక్టర్, మ్యాడ్‌నెస్ ముగ్గురూ ఒకే రాత్రి కనిపించడం అభిమానులు పండుగలా చెప్పుకునే సంఘటన. ఆ శరత్కాలంలో ఈ మూడు బృందాలూ కలిసి దేశమంతా తిరిగాయి, మధ్యలో మ్యాడ్‌నెస్ వైదొలగితే వారి స్థానంలో డెక్సీస్ మిడ్‌నైట్ రన్నర్స్ చేరారు.

కానీ మ్యాడ్‌నెస్ కోవెంట్రీ బృందం కాదు, లండన్‌లోని కామ్‌డెన్ కుర్రాళ్లు. టూ టోన్‌లో ఒక్క సింగిల్ చేసి స్టిఫ్ రికార్డ్స్‌కు వెళ్లిపోయారు. దాన్ని ద్రోహం అనేవారు ఒక విషయం తెలుసుకోవాలి. ఒక సింగిల్ చేశాక ఎవరైనా స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చన్నది టూ టోన్ ఒప్పందంలోనే ఉంది. అది డామర్స్ ఉదారత, లేబుల్ బలహీనత కూడా అదే. 1980లో వచ్చిన ‘బ్యాగీ ట్రౌజర్స్’ నాటికి వారి పాటల్లో స్కా గిటార్ కన్నా మైక్ బార్సన్ పియానో ముందుకు వచ్చింది, పాత లండన్ మ్యూజిక్ హాళ్ల వినోద ధోరణి చేరింది. 1982లో ‘హౌస్ ఆఫ్ ఫన్’ వారికి మొదటి స్థానం తెచ్చింది, ‘అవర్ హౌస్’ అమెరికాలో ఏడో స్థానం దాకా వెళ్లింది. ఇవి గొప్ప పాప్ పాటలు, స్కా పాటలని మాత్రం అనలేం.

వారిని కేవలం నవ్వించే బృందంగా తీసిపారేయడం కూడా సరికాదు. ‘ఎంబరాస్‌మెంట్’ వినండి. సాక్సోఫోనిస్టు లీ థాంప్సన్ తన చెల్లెలు నల్లజాతి యువకుడి వల్ల గర్భవతి అయినప్పుడు ఇంట్లోవారు, బంధువులు ఎలా ముఖం చాటేశారో రాసిన పాట అది. ఉల్లాసంగా దూకే లయ మీద ఇంటి పరువు గురించి పెద్దలు మాట్లాడే మాటలే వరుసగా వస్తుంటాయి. పరువు పేరిట ఇళ్లలో నడిచే తంతు తెలిసిన తెలుగు పాఠకులకు ఆ పాటను విడమరచి చెప్పనక్కరలేదు. మ్యాడ్‌నెస్ పాటల్లో మా ఓటు దీనికే.

బీట్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఏమిటి?

బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన ఈ బృందంలో గాయకుడు ర్యాంకింగ్ రోజర్ వయసు అప్పటికి పదహారు, సాక్సోఫోన్ ఊదే సాక్సా యాభైకి చేరువలో ఉన్నాడు. సాక్సా జమైకాలో పుట్టినవాడు, ప్రిన్స్ బస్టర్, డెస్మండ్ డెక్కర్ వంటివారితో వాయించినవాడు. పిల్లవాడి పంక్ ఉరవడి, పెద్దాయన నిదానం ఒకే పాటలో వినిపించడం మరే బృందంలోనూ ఇంతగా కుదరలేదు. టూ టోన్‌లో వీరు చేసిన ఒకే ఒక్క సింగిల్ అమెరికా సోల్ సంగీత సంస్థ మోటౌన్ వారి పాట ‘టియర్స్ ఆఫ్ ఎ క్లౌన్’, అది ఆరో స్థానానికి చేరింది. ఆ వెంటనే గో-ఫీట్ అనే సొంత లేబుల్ పెట్టుకున్నారు.

1980లో వచ్చిన ‘ఐ జస్ట్ కాంట్ స్టాప్ ఇట్’ ఆల్బమ్‌లో తీసేయాల్సిన పాట దాదాపు లేదు. ‘మిర్రర్ ఇన్ ద బాత్‌రూమ్’లో డేవిడ్ స్టీల్ బేస్ గిటార్ భయపడిన మనిషి గుండెలా కొట్టుకుంటుంది. దాని పక్కన గిటార్ తెగిపోతున్నట్టు మోగుతుంటే, సాక్సా మాత్రం ఎక్కడో దూరాన తన లోకంలో తాను ఊదుకుంటూ ఉంటాడు. తన ముఖం తానే చూసుకుంటూ గదిలో చిక్కుకుపోయిన మనిషి గురించి రాసిన ఈ పాట నాలుగో స్థానం అందుకుంది. అదే ఆల్బమ్‌లో ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్‌ను గద్దె దిగమంటూ ‘స్టాండ్ డౌన్ మార్గరెట్’ ఉంది. కోపంతో అరిచే పాట కాదది, చేతులు జోడించి అడుగుతున్నట్టు తీయగా సాగుతుంది, అందుకే ఇంకా గట్టిగా తగులుతుంది. దాన్ని సింగిల్‌గా విడుదల చేసినప్పుడు వచ్చిన డబ్బును అణ్వస్త్ర వ్యతిరేక ప్రచారానికి ఇచ్చారు.

అమెరికాలో ఈ బృందాన్ని ఇంగ్లిష్ బీట్ అని పిలుస్తారు, వెతికేటప్పుడు గుర్తుంచుకోవాలి. 1983లో విడిపోయాక గాయకుడు డేవ్ వేక్‌లింగ్, రోజర్ కలిసి జనరల్ పబ్లిక్‌ను, గిటారిస్టు ఆండీ కాక్స్, స్టీల్ కలిసి ఫైన్ యంగ్ కానిబల్స్‌ను ఏర్పరచుకున్నారు.

బ్యాడ్ మేనర్స్‌ను లెక్కలోకి తీసుకోవాలా?

వేదిక మీద తీసుకోవాలి, ఆల్బమ్‌ల దగ్గర అవసరం లేదు. టూ టోన్‌లో ఎన్నడూ రికార్డు చేయకపోయినా ‘స్పెషల్ బ్రూ’, ‘కాన్ కాన్’ రెండూ మూడో స్థానానికి వెళ్లాయి. వారి గాయకుడు బస్టర్ బ్లడ్‌వెసెల్ భారీ దేహం, బయటికి చాచిన నాలుక, గుండు చూసి పిల్లలు కేరింతలు కొట్టేవారు. తిరునాళ్ల వినోదం కావాలంటే వీరిని మించినవారు లేరు.

యూబీ40, డెక్సీస్ ఈ జాబితాలో ఎందుకు లేవు?

యూబీ40 వాయించింది రెగే, డెక్సీస్ వాయించింది సోల్. ఊరూ కాలమూ ఒకటే కావచ్చు, లయ వేరు.

స్పెషల్స్ పాడిన ‘ఘోస్ట్ టౌన్’ స్కా పాట కానప్పుడు దాన్ని అన్నిటికన్నా పైన ఎలా పెడతారు?

ఈ అభ్యంతరం ఏటా ఎవరో ఒకరు లేవనెత్తుతారు. సాంకేతికంగా వారు చెప్పేది సబబే. ఆ పాట నడక స్కా కన్నా చాలా నెమ్మది, రెగేకు దగ్గర. మొదట్లో గాలి ఊళ పెట్టినట్టు వినిపించే శబ్దం, పాత సినిమాల్లో దెయ్యాల కోటను గుర్తుచేసే ఆర్గన్, మాటలు లేని ఏడుపు లాంటి బృందగానం, వీటిలో ఏదీ నృత్యశాలకు పనికివచ్చేది కాదు.

కానీ ఆ పాట చెప్పేదే నృత్యశాల మూతపడిందని. 1980లో దేశమంతా పర్యటిస్తున్నప్పుడు డామర్స్ చూసిన దృశ్యాలు దానికి పునాది. దుకాణాలు తలుపులు మూసుకుంటున్నాయి, గ్లాస్గోలో ముసలి అవ్వలు వీధిలో కూర్చుని తమ ఇంటి కప్పులు, సాసర్లు అమ్ముకుంటున్నారు. తమ కచేరీల్లోనే ప్రేక్షకులు కొట్టుకుంటున్నారు. కేంబ్రిడ్జ్‌లో అటువంటి గొడవను ఆపబోయిన డామర్స్, గాయకుడు టెర్రీ హాల్‌లను పోలీసులు అరెస్టు చేశారు, తరువాత వారికి జరిమానా పడింది. బృందం లోపలా పొసగడం లేదు. లెమింగ్టన్‌లోని ఒక చిన్న ఎనిమిది ట్రాకుల స్టూడియోలో, జాన్ కాలిన్స్ నిర్మాతగా, ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోని స్థితిలో ముక్కలు ముక్కలుగా రికార్డు చేసిన పాట ఇది.

పాట మధ్యలో ఒక చోట స్వరం ఒక్కసారిగా వెలుగులోకి వస్తుంది. పాత మంచి రోజులు గుర్తున్నాయా అని అడుగుతూ కొన్ని వరుసలు పాత స్కా ఉత్సాహంతో గెంతుతాయి, మరునిమిషంలో మళ్లీ చీకట్లోకి జారిపోతాయి. ఈ మొత్తం ఉద్యమం పోగొట్టుకున్నది ఏమిటో ఆ కొద్ది క్షణాల్లో వినిపిస్తుంది. పొడవాటి రూపంలో రికో ఊదిన ట్రోంబోన్ భాగం కూడా ఉంటుంది, వీలైతే అదే వినాలి.

1981 జూన్‌లో విడుదలైన ఈ పాట జులైలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఏప్రిల్‌లో బ్రిక్స్‌టన్‌లో చెలరేగిన అల్లర్లు సరిగ్గా ఆ జులైలో లివర్‌పూల్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ వంటి నగరాలకు పాకాయి. రేడియోలో ఈ పాట, టీవీలో మండుతున్న వీధులు. ఒక పాప్ పాట తన దేశపు వార్తలతో ఇంతగా కలిసిపోయిన సందర్భం బ్రిటిష్ సంగీతంలో మరొకటి చూపించడం కష్టం. మేము పెట్టుకున్న కొలత ప్రకారం, అంటే తమ ఊరి కష్టాన్ని ఎంతగా తెచ్చారన్నదాని ప్రకారం, దీనికి పైన వేరే పాట ఉండదు. పాట మొదటి స్థానంలో ఉండగానే టెర్రీ హాల్, మరో గాయకుడు నెవిల్ స్టేపుల్, గిటారిస్టు లిన్‌వల్ గోల్డింగ్ ముగ్గురూ బయటికి వచ్చేసి ఫన్ బాయ్ త్రీ అనే బృందంగా మారారు.

దాని రెండో వైపున గోల్డింగ్ రాసిన ‘వై?’ ఉంది. తన మీద జరిగిన జాతివిద్వేష దాడి తరువాత, కొట్టినవారిని ఉద్దేశించి ఎందుకని మాత్రమే అడిగే పాట. ‘ఘోస్ట్ టౌన్’ విని ఆపేసేవారు దీన్ని కోల్పోతారు.

స్పెషల్స్ మొదటి ఆల్బమ్ గొప్పదా, రెండోదా?

1979 అక్టోబరులో ఎల్విస్ కాస్టెల్లో నిర్మాతగా వచ్చిన మొదటి ఆల్బమ్ వేదిక మీది ఊపును ఉన్నదున్నట్టు పట్టుకోవడానికి ప్రయత్నించింది. ‘కాంక్రీట్ జంగిల్’, ‘నైట్ క్లబ్’ వంటివి ఇప్పటికీ చల్లారలేదు. 1980లో వచ్చిన ‘మోర్ స్పెషల్స్’లో డామర్స్ హోటళ్లలో, విమానాశ్రయాల్లో మోగే పలచటి సంగీతం వైపు మళ్లాడు. చవక ఆర్గన్ లయలు, తెచ్చిపెట్టుకున్న నవ్వు, లోపల దిగులు. గిటారిస్టు రాడీ రేడియేషన్‌కు ఇది ఏమాత్రం నచ్చలేదు. చాలామంది అభిమానులు ఆయన పక్షమే. మా దృష్టిలో రెండోదే ధైర్యమైన ఆల్బమ్, అది లేకుండా ‘ఘోస్ట్ టౌన్’ పుట్టేది కాదు. మొదటిసారి వినేవారికి మాత్రం మొదటిదే ఇవ్వాలి.

జాతి సమైక్యత గురించి పాడినవారి కచేరీలకు జాతివిద్వేష స్కిన్‌హెడ్లు ఎందుకు వచ్చేవారు?

తల గొరిగించుకుని తిరిగే యువకులను స్కిన్‌హెడ్లు అనేవారు. స్కిన్‌హెడ్ అనగానే నాజీ గుర్తుకు రావడం తరువాతి పరిణామం. 1969 నాటి తొలి స్కిన్‌హెడ్లు జమైకా సంగీతాన్ని ప్రేమించిన కార్మిక యువకులు. 1970ల చివర్లో ఆ వేషం మళ్లీ వచ్చినప్పుడు నేషనల్ ఫ్రంట్ వారిలో కొందరిని తనవైపు లాక్కుంది. వారు నల్లవారి సంగీతానికి గెంతుతూనే నల్లవారిని తిట్టారు. బ్యాడ్ మేనర్స్, అందరూ తెల్లజాతీయులే ఉన్న మ్యాడ్‌నెస్ కచేరీలకు ఈ బెడద ఎక్కువ. తొలి రోజుల్లో మ్యాడ్‌నెస్ ఈ విషయంలో గట్టిగా మాట్లాడలేదన్న విమర్శ న్యాయమైనదే.

స్పెషల్స్ సూటిగా నిలబడ్డారు. 1981 వసంతంలో కోవెంట్రీలో ఒక భారతీయ సంతతి విద్యార్థి జాతివిద్వేష హత్యకు గురైన తరువాత, జూన్‌లో ఆ ఊరి బట్స్ స్టేడియంలో జాతివిద్వేషానికి వ్యతిరేకంగా కచేరీ ఇచ్చారు. టూ టోన్ అన్న మాటలో నలుపు తెలుపులే ఉన్నా, ఆ ఊళ్లో దాడులకు గురైనవారిలో దక్షిణాసియా కుటుంబాలు కూడా ఉన్నాయన్న సంగతిని అభిమానుల చర్చలు తరచుగా మరచిపోతాయి.

కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

జో మసో దర్శకత్వంలో 1981లో వచ్చిన ‘డ్యాన్స్ క్రేజ్’ చిత్రం చూడండి. స్పెషల్స్, మ్యాడ్‌నెస్, సెలెక్టర్, బీట్, బాడీస్నాచర్స్, బ్యాడ్ మేనర్స్ ఆరు బృందాలూ ఉన్నాయి, కథనం లేదు, ఇంటర్వ్యూలు లేవు. కెమెరా వేదిక మీదికే ఎక్కి, చెమట కారుతున్న మనుషుల మధ్య తిరుగుతుంది. ఈ సంగీతం రికార్డుల కన్నా వేదిక మీదే ఎక్కువ బతికిందన్న మాటకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. తరువాత ‘గ్యాంగ్‌స్టర్స్’, ‘మిర్రర్ ఇన్ ద బాత్‌రూమ్’, ‘ఆన్ మై రేడియో’, ‘ఎంబరాస్‌మెంట్’ వినండి. ‘ఘోస్ట్ టౌన్’ను చివరికి దాచుకోండి.

డామర్స్ లేని స్పెషల్స్‌ను స్పెషల్స్ అనవచ్చా?

అభిమానులు ఇప్పటికీ రాజీపడని ప్రశ్న ఇది. ముగ్గురు వెళ్లిపోయాక డామర్స్ ‘ద స్పెషల్ ఎ.కె.ఎ.’ పేరుతో కొనసాగి 1984లో ‘నెల్సన్ మండేలా’ చేశాడు. అప్పటికి మండేలా పేరు బ్రిటన్‌లో చాలామంది మామూలు శ్రోతలకు తెలియదు. జైలులో ఉన్న మనిషి గురించిన పాటను పెళ్లి ఊరేగింపులా ఉత్సాహంగా కట్టి తొమ్మిదో స్థానం దాకా తీసుకువెళ్లాడు. 2009లో మిగిలినవారు మళ్లీ కలిసి వేదిక ఎక్కినప్పుడు ఆయన అందులో లేడు, తనను బయట పెట్టారని బహిరంగంగానే చెప్పాడు.

పాటలు ఎవరు రాశారన్నదే కొలత అయితే డామర్స్ లేని బృందానికి ఆ పేరు చెల్లదు. కానీ ఆ పాటలను జనం గుర్తుంచుకున్నది టెర్రీ హాల్ గొంతుతో, ఏ భావమూ పైకి కనబడనివ్వని ఆ ముఖంతో. 2019లో హాల్, గోల్డింగ్, బేస్ గిటారిస్టు హోరేస్ పాంటర్ కలిసి చేసిన ‘ఎన్‌కోర్’ మొదటి స్థానానికి వెళ్లింది, స్పెషల్స్ పేరుతో వచ్చిన ఆల్బమ్‌కు ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. అందులో గోల్డింగ్ తన జీవితంలో ఎదుర్కొన్న జాతివివక్షను మాటలుగా చెప్పే భాగం ఒకటుంది, ‘వై?’ అడిగిన గొంతే అది, నలభై ఏళ్ల తరువాత. ఆ ఒక్క భాగం కోసమైనా మేము దాన్ని స్పెషల్స్ ఆల్బమ్‌గానే లెక్కిస్తాం. 2022 డిసెంబరులో హాల్ మరణించడంతో ఆ బృందం కచేరీలు ఆగిపోయాయి.